బూజు మేష్టారి తివాచీ

బూజు మేష్టారు పోయారన్న కబురు నాకు తాడేపల్లిగూడెం స్టేషనులో తెలిసింది. ఏలూరు నుంచి వచ్చిన బండి దిగిన పాత శిష్యుడొకడు నన్ను చూసి, చేతిలో సంచి కింద పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు. నేను అయ్యో అనలేదు. పెద్దకర్మ ఎప్పుడని మాత్రం అడిగాను. ఆ కుర్రవాడు నా వంక వింతగా చూశాడు. అన్నేళ్ళు ఒకే బడిలో పక్కపక్క గదుల్లో పనిచేసినవాళ్ళం కదా, నేను కళ్ళొత్తుకుంటానని ఎదురు చూసినట్టున్నాడు. ఒత్తుకోవడానికి నా కళ్ళలో ఏమీ లేదు మరి.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు వింటే లేచి నిలబడేవాళ్ళు ఏలూరులో ఇంకా ఉన్నారు, నా మీదికి తగవుకొస్తారు. హైస్కూల్లో ఆయన సైన్సు మేష్టారు, నేను డ్రాయింగు మేష్టర్ని. బూజు మేష్టారన్నది పిల్లలు పెట్టిన పేరు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి మురిసిపోయేవారు కూడా. ఊళ్ళో ఇంకెవరికీ లేని పేరు కదా, అదో బిరుదు అనుకునేవారు.

ఏలూరు ఎండల్లో నల్లకోటు, తలపాగా. కోటు జేబులోంచి వెండి గొలుసు వేలాడుతూ ఉండేది. గడియారమనుకుని టైమెంతండీ అని ఎవరైనా అడిగితే, ఆ గొలుసు లాగి భూతద్దం చూపించి చిరునవ్వు నవ్వేవారు. టైము మాత్రం పక్కవాణ్ణి అడిగి చెప్పేవారు. పెళ్ళి భోజనాల్లో ఆవకాయ వడ్డించగానే ఆ భూతద్దం బయటికి వచ్చేది. విస్తరి మీదికి వంగి, ఒక కన్ను మూసి, పరీక్షగా చూసి, "అద్భుతం" అనేవారు. ఆయన అద్భుతమన్నారంటే ఆ జాడీ మర్నాడు పెంటకుప్ప మీద ఉన్నట్టే. ఓ పెళ్ళిలో వడ్డిస్తున్న ఇల్లాలు నలుగురిలో తలెత్తుకోలేక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఆవిడ అన్నగారు ఆయన్ని పంక్తిలోంచి లేపినంత పని చేశాడు. ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. దాన్ని ఆయన ప్రజల అజ్ఞానమనేవారు.

సైన్సు గది కిటికీలో వరసగా గాజు గ్లాసులు బోర్లించి ఉండేవి. వాటి కింద తడిపిన రొట్టె ముక్కలు. రొట్టె సాయిబుల దుకాణంలోది. నౌకరు చేత తెప్పించి, తన చెయ్యి తగలకుండా పట్టకారుతో పట్టుకుని గ్లాసు కింద పెట్టేవారు, మడికి మైల అంటుకుంటుందని. అదే రొట్టె బూజు పట్టాక వేళ్ళతో తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. రొట్టెకున్న మైల బూజుకి ఎలా పోయిందో ఆయన్ని ఎవరూ అడగలేదు. అడిగితే దానికీ ఒక లాటిన్ మాట చెప్పి ఉండేవారు.

ఆయనకి బొమ్మ వెయ్యడం రాదు. మైక్రోస్కోపులో చూసింది కాగితం మీద పెట్టబోతే పొట్లకాయలా వచ్చేది. అందుకని పొద్దున్నే బడి మొదలవకముందు, "ఏమయ్యా డ్రాయింగూ, ఇలా ఒకసారి రా" అని కేకేసేవారు. వయసులో నాకన్న పెద్దేమీ కాదు. నాకు పేరుందని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. నేను వెళ్ళి, కిటికీ వెలుగులో ఆ గొట్టానికి కన్ను ఆన్చి, చూసింది చూసినట్టు గీసి ఇచ్చేవాణ్ణి. వాటిని మద్రాసుకి ఏదో ఇంగ్లీషు పత్రికకి పంపి తన పేరున అచ్చేయించుకున్నారు. నా పేరు లేదేమండీ అన్నాను. "బూజు పేరే చిన్న అక్షరాల్లో వేశారయ్యా, నీ పేరెవరు వేస్తారు?" అన్నారు. అదొక హాస్యమనుకుని తానే నవ్వారు.

అయితే ఒక్క పొద్దుటి సంగతి మాత్రం దాచుకోను. ఆ పూట ఆయన నాకు చూపించింది నిజంగా గొప్ప వింత.

మా ఆవిడ పాపకి కాటుక చేద్దామని ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టింది. నూనె కలపకముందే ఆ పొడి మసి చిటికెడు కావాలని మేష్టారు నౌకర్ని పంపారు. పసిపిల్ల కళ్ళకి పెట్టేది బూజుకి పెడతారా అని మా ఆవిడ మూతి ముడుచుకుంది. నేనే కాగితంలో పొట్లం కట్టి తీసుకువెళ్ళాను. ఆయన గాజు పలక మీద పంచదార నీటి చుక్కలో బూజు పోగులు పెంచి ఉంచారు. వాటి మీద ఆ మసి గోటితో తట్టి చల్లారు. "ఇప్పుడు చూడు. ఏ మసి రేణువు ఎక్కడుందో గుర్తు పెట్టుకో" అన్నారు.

చూశాను. సన్నని గాజు గొట్టంలా ఉంది పోగు. దాని మీద అక్కడక్కడా నల్లటి చుక్కలు అంటుకున్నాయి. పోగు పొడవునా పెరిగితే చుక్కలు ఒకదానికొకటి దూరం జరగాలి కదా? జరగలేదు. ఎక్కడివక్కడే ఉన్నాయి. పోగు కొస మాత్రం, ఆ ఒక్క మొన, నా కళ్ళముందే చుక్కల్ని వెనక వదిలేసి ముందుకి పోతోంది. లోపల ఏదో పల్చని జావ, సన్నని రవ్వలతో, కాలవ నీళ్ళలా మొన వైపే పరుగెడుతోంది. మొన దగ్గర గోడ మెత్తన. లోపలినుంచి వచ్చిన సరుకుతో అది సాగుతూ, సాగిన చోటల్లా వెనకనుంచి గట్టిపడుతూ పోతుందట. మొనకి కాస్త వెనకగా పక్కకి కొమ్మ పుడుతుంది. ఆ కొమ్మ కూడా ముందుకే వాలి ఉంటుంది, వెనక్కి తిరిగినది నేను ఒక్కటీ చూడలేదు. ఇంకా వెనక్కి పోతే గొట్టానికి అడ్డుగోడలు, గోడకి నడుమ చిన్న కంత, ఆ కంతలోంచి సరుకు ముందు గదిలోకి జారిపోతుంది. మరీ వెనక గదుల్లో నీటిబుడగలు తప్ప ఏమీ లేదు. ఉన్నదంతా మొనకి పంపించేసి అవి వట్టి గోడలై మిగిలాయి.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంటి గోడ మీద, చెప్పు మీద, రోజూ గుడ్డతో తుడిచి పారేసే దాంట్లో ఇంత పని జరుగుతోందా అనిపించింది. ఆ పూట ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఎంతోసేపు నిలవలేదు, అది వేరే సంగతి.

"మొన చూడవయ్యా, మొన. వెనకదంతా చచ్చిన సరుకు." ఇది ఆయన ఊతపదం. పాఠం చెబుతూ అనేవారు, ఊరికే కూర్చున్నా అనేవారు. బూజు సంగతి అయితే సరే. ఆయన దాన్ని మనుషులకి కూడా వాడేవారు. పాత స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారు బదిలీ అయి వెళుతుంటే మేమంతా స్టేషనుకి వెళ్ళాం. బూజు మేష్టారు కనబడలేదు. ఆ వేళకి ఆయన కొత్త ఇన్‌స్పెక్టరు గారి అరుగు మీద, ఒళ్ళో అరటిపళ్ళ గెల పెట్టుకుని కూర్చుని ఉన్నారు. సంగతేమిటండీ అంటే, "వెనకది కదయ్యా" అన్నారు, సిగ్గులేకుండా. తనకి చదువు చెప్పిన ముసలి గురువుగారు పెంటపాడు నుంచి బండి కట్టుకుని చూడవస్తే, ఇంట్లో ఉండి లేననిపించారు. ఆయన మట్టుకు ఆయనకి ఎప్పుడూ ఏదో ఒక మొన కావాలి. ఆ మొన వైపు ఒంట్లో ఉన్నదంతా పారేది.

చివరికి ఆయనకి దొరికిన మొన షావుకారు గారు. మా స్కూలు కమిటీలో ఆయన మాటే మాట. ఆకివీడులో బియ్యం మిల్లు, ఏలూరు బజారులో కొట్టు. ఏలూరు తివాచీలు నేసేవాళ్ళ దగ్గర కొని మద్రాసు కంపెనీలకి పంపేది కూడా ఆయనే.

ఇక్కడ మస్తాన్ సాహెబు గారి సంగతి చెప్పాలి. ఆయన ఏలూరు పక్కనే తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే పెద్దాయన. సెలవు రోజుల్లో నేను ఆయనకి గళ్ళ కాగితం మీద పువ్వులూ తీగలూ గీసి ఇచ్చేవాణ్ణి. ఒక గడి అంటే ఒక ముడి. నూలు పడుగు, అంటే నిలువు దారాల మీద ఊలు ముడులు వేసి, కత్తెరతో సమంగా కత్తిరించి, మగ్గం మీంచి దించిన తివాచీని కడిగి ఎండలో ఆరేసేవారు. చుట్టేముందు ముసలాయన ఒక పని చేసేవారు. మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, తివాచీ వీపుకి చెంప ఆన్చేవారు. ఆ అంచు నుంచి ఈ అంచు దాకా కళ్ళు మూసుకుని చెంప జరుపుకుంటూ వచ్చేవారు. చేతులు కాయలు కాశాయి, వాటికి తడి తెలియదండీ, చెంపకి తెలుస్తుంది అనేవారు. వాళ్ళ నాన్నా అంతేనట. ఆయన లేచి తలూపితేనే కొడుకు తివాచీ చుట్టేవాడు. మస్తాన్ సాహెబు చెంప ఆన్చిన సరుకంటే బజారులో ఎవరూ విప్పి కూడా చూసేవారు కాదు. ఆయనకున్న ఆస్తి ఆ నమ్మకం ఒక్కటే.

ఆ ఏడు వానాకాలంలో ఆయన నేసిన తివాచీలు షావుకారు గారు మద్రాసు పంపకుండా, దళారీ వచ్చేదాకా ఉండనిమ్మని ఆకివీడు మిల్లు గోదాములో పడేయించారు. ఆ వానలకి కొల్లేరు పొంగింది. నీళ్ళు తీశాక గోదాము తలుపు తెరిచేసరికి తివాచీలన్నీ బూజు. ముసలాయన తడి సరుకు చుట్టి పంపాడని షావుకారు గారు బజారంతా చెప్పారు. ముసలాయనకి ఆ మాట కత్తిలా దిగింది. సరుకు పోయిందనే బాధ కన్నా, తన చెంప తప్పు చెప్పిందా అన్నదే ఆయన బాధ. పెద్దమనుషులు కూర్చుని తేల్చాలన్నారు. శాస్త్రం తెలిసినాయన చూసి చెబితే మాకు సమ్మతమే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. శాస్త్రం తెలిసినాయన ఇంకెవరు?

బూజు మేష్టారు బొమ్మలకని నన్నూ వెంట పెట్టుకుని బయల్దేరారు. గట్టు దాకా బండి, అక్కణ్ణించి కొల్లేటి మీద పడవ. పడవెక్కగానే మేష్టారి గొంతు పోయింది. మైక్రోస్కోపు పెట్టె రెండు చేతులా కావలించుకుని, కళ్ళు మూసుకుని, తలపాగా జారుతున్నా సర్దుకోకుండా కూర్చున్నారు. పడవవాడు, "మునిగితే పెట్టె వదిలేయండి బాబూ, మిమ్మల్ని పైకి లాగడం తేలిక" అన్నాడు. నేను బాహాటంగా నవ్వాను.

గోదాములో చుట్టలు నేల మీద పడుకోబెట్టి ఉన్నాయి. నేలంతా చెమ్మ, బయట గోడకి మోకాలెత్తున నీటి మరక. మేష్టారు పట్టకారుతో ఒక చుట్టలో నేలకి ఆనిన చోట, పై పొర నుంచి, దాని లోపలి పొర నుంచి, ఇంకా లోపలి పొర నుంచి పోగులు పీకి విడివిడిగా గాజు పలకల మీద పెట్టారు. మిల్లు మేడ మీద కిటికీ దగ్గర చూడ్డం మొదలెట్టారు. కాసేపటికి ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నిజమైనది, నేను కాదనను.

"చూడవయ్యా" అన్నారు. "పై పొరలో గదులన్నీ ఖాళీ. ముసలి పోగులు. లోపలికి పోయేకొద్దీ నిండుగా ఉన్నాయి. కొమ్మలన్నీ ఎటు వాలాయో చూడు. మొనలన్నీ లోపలికే."

చూశాను. అన్నీ ఆయనన్నట్టే ఉన్నాయి.

"అంటే బయటినుంచి లోపలికి పాకిందన్నమాట" అన్నాను.

"మరి? నేల చెమ్మ నుంచి ఎక్కింది. తడిగా చుట్టి ఉంటే అన్ని పొరల్లోనూ ఒక్కసారే పుట్టేది. ఇంత తేటగా నేనెప్పుడూ చూడలేదు" అని చంకలు గుద్దుకున్నారు.

అప్పుడే షావుకారు గారు నౌకరు చేత ఫలహారం పట్టించుకుని మేడెక్కారు. తివాచీల మాట ఆయన ఎత్తనే లేదు. హెడ్మాస్టరు గారు దిగిపోతున్నారటగా, ఆ కుర్చీకి ఎవరు బావుంటారని కమిటీలో నన్ను అడుగుతున్నారండీ, అన్నారు. మేష్టారి చేతిలో ఇడ్లీ విస్తరాకుకీ నోటికీ మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత, ఇంతకీ ఏం తేలిందండీ అని షావుకారు గారు మెల్లిగా అడిగితే, "ఇంకా పరీక్షించాలండీ" అన్నారు. ఇంత తేటగా ఎప్పుడూ చూడలేదన్న నోటితోనే.

తిరుగు పడవలో నేను ఊరుకోలేదు. ఇంకేం పరీక్షించాలండీ అని నిలదీశాను. పడవలో ఉన్నందుకో, ప్రశ్నకో, ఆయన కళ్ళు తెరవలేదు. మనం చూసింది నాలుగు పోగులే కదయ్యా అన్నారు. నాలుగు పోగులు మద్రాసు పత్రికకి చాలాయి గాని మస్తాన్ సాహెబుకి చాలలేదన్నమాట. ఆ పెట్టె లాగి కొల్లేట్లో పారేద్దామనిపించింది. అది బడి సొత్తని ఊరుకున్నాను.

షావుకారి కొట్టు అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. అప్పటికే తివాచీలు దులిపించి ఎండేశారు, పైకి ఏమీ తెలియడం లేదు, దులిపిన పొడి అంతటా అలముకున్న బూడిద రంగు తప్ప. మస్తాన్ సాహెబు గారు కింద నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. తడి ఉందేమో గుర్తు తెచ్చుకోండి అని ఒక పెద్దమనిషి అడిగితే, ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు.

"చెంప ఆన్చే పంపానండీ. పొడిగానే అనిపించింది. కాని ఆ రోజు నాకు జ్వరమండీ. ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం చెంపకి తడి తెలిసిందో లేదో, అల్లా మీద ఒట్టేసి చెప్పలేను."

ఆ మాట ఎవరూ అడగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. తడి చూడ్డానికి చెంప తప్ప వేరే తూనిక లేని మనిషి, ఆ చెంపకి జ్వరమొచ్చిందని తానే ఒప్పుకున్నాడు. ఏలూరు మొత్తమ్మీద ఇలాంటి పొరపాటు చెయ్యగలవాడు ఆయనొక్కడే.

బూజు మేష్టారు దాన్ని గభాలున పట్టుకున్నారు. కోటు సవరించుకుని లేచి, బీజాలు గాలిలో అంతటా ఉంటాయనీ, తేమ దొరికితే మొలుస్తాయనీ, ఊలు లోపల తేమ ఉన్నప్పుడు ఇలాగే అవుతుందనీ, జ్వరం ఉన్న మనిషికి స్పర్శజ్ఞానం తప్పుతుందనీ, చక్కగా, ఒక్క మాట తడబడకుండా చెప్పారు. ఒక్కో మాటా విడిగా చూస్తే అబద్ధం కాదు. అక్కడే ఉంది ఆయన గొప్పతనం. మొనల మాట, కొమ్మల మాట, ఖాళీ గదుల మాట నోట రానివ్వలేదు.

నేను లేచి, మేడ మీద మనం చూసింది ఇది కాదు కదండీ, మొనలన్నీ లోపలికి ఉన్నాయని మీరే అన్నారు కదా అన్నాను. పెద్దమనుషులు ఆయన వంక చూశారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "మా డ్రాయింగు మేష్టారు గారు బొమ్మలు చాలా బాగా వేస్తారండీ" అన్నారు. అందరూ నవ్వారు. నన్ను గారు అనడం ఆయన జన్మలో అదొక్కసారే. తప్పు మస్తాన్ సాహెబుదేనని పెద్దమనుషులు తేల్చేశారు.

ఆ సాయంత్రమే తంగెళ్ళమూడి వెళ్ళి ముసలాయనకి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు, నమ్మలేదు. "మీరు నా మీద దయకొద్దీ అంటున్నారండీ. ఆయన అద్దంలో పెట్టి చూశారు. పైగా నాకు జ్వరం వచ్చింది నిజమే కదండీ" అన్నారు. షావుకారు మనిషండీ ఆయన, అంటే కూడా, చదువుకున్నాయన ముసలివాడి చెంప సంగతిలో అబద్ధమెందుకాడతారండీ అన్నారు. ఆయనకి తట్టని నీచం ఆయనకెలా చెప్పను?

ఆ తర్వాత ఆయన తివాచీకి చెంప ఆన్చలేదు. నువ్వు చూడరా అని కొడుక్కి చెప్పి పక్కకి తిరిగేవారు. కొన్నాళ్ళకి మగ్గం దగ్గరికి కూడా రావడం మానేసి, అరుగు మీద కూర్చుని చిక్కుపడిన ఊలు విడదీస్తూ ఉండేవారు. నేను ఎప్పుడు వెళ్ళినా అదే పని.

బూజు మేష్టారు హెడ్మాస్టరయ్యారు. వేరే చెప్పాలా? షావుకారు గారు ఆ తివాచీల్లో ఒకటి ఆయనకి బహుమానంగా పంపారు. ఆయన మళ్ళీ మైక్రోస్కోపు తెరవలేదు. కొత్త సైన్సు మేష్టారు వచ్చి పెట్టె తీస్తే, లోపలి అద్దం మీద సన్నటి సాలెగూడులా ఏదో అల్లుకుని ఉంది. చూస్తే బూజు. అద్దాన్ని కూడా వదల్లేదు. నేను నవ్వు పట్టలేక వరండాలోకి పోయాను. కొన్నాళ్ళకి ఆ బడిలో ఊపిరాడక తాడేపల్లిగూడెం వచ్చేశాను.

పెద్దకర్మ నాడు ఏలూరు వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే చెప్పలేను. ఆయన నిజంగా పోయారని చూసుకోవడానికే కావచ్చు. వాళ్ళింటి హాలు నిండా జనం. సత్యాన్వేషి అని ఒకాయన, ఋషి అని ఒకాయన. నేను గోడకి ఆనుకుని పళ్ళు బిగించి విన్నాను. చాపలు చాలలేదు. ఆయన కొడుకు అటక మీంచి గోనెపట్టాలో కట్టిన చుట్ట ఒకటి దింపించాడు. కట్లు విప్పుతూ, "నాన్నగారు దీన్ని ఎప్పుడూ పరవనిచ్చేవారు కాదండీ. ఎవరైనా అడిగితే కోప్పడేవారు" అన్నాడు నాతో.

పరిచేసరికి నా తీగలూ నా పువ్వులూ కనబడ్డాయి. వాటి నడుమ కంతలు. ఆనాడు బూజు తిన్న నూలు పడుగు ఇన్నాళ్ళకి పుచ్చి తెగిపోయింది, దాని మీది ఊలు రాలిపోయింది. ఎలకలు కొట్టాయని ఎవరో అన్నారు. ఎలకలు ఇంత వరసగా కొడతాయా? ఒక కొసన అరచేయంత కంత. దానికి ఎడంగా, కొంచెం చిన్నది. ఇంకా ఎడంగా, ఇంకా చిన్నది. అవతలి కొసకి పోయేసరికి కంత లేదు, మచ్చ లేదు, నేసిననాటి లాగే ఉంది.

నేను ఆ కంతల వైపు చూస్తూ నిలబడిపోయాను. తెలియక చెప్పి ఉంటే వెర్రిబాగులవాడని వదిలేద్దును. ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే దీని మీద కాలు పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు. పశ్చాత్తాపమని మీరనుకోవచ్చు. నేననుకోను. పశ్చాత్తాపమున్న మనిషి తంగెళ్ళమూడి దాకా నడుస్తాడు, ఆ ఊరేమీ కాశీ కాదు. ఈయన గోనె చుట్టి అటకెక్కించి, దాని కింద మంచమేసుకుని నిద్రపోయాడు. థూ!

ఈ చినుగుల తివాచీ నాకిస్తారా బాబూ అని అడిగాను. పీడ వదిలిందన్నట్టు కొడుకు తానే చుట్టి జట్కాలో పెట్టించాడు. జట్కా తంగెళ్ళమూడికి పోనిమ్మన్నాను.

మస్తాన్ సాహెబు గారు అరుగు మీద ఊలు విడదీస్తున్నారు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. బూజు మేష్టారు పోయారని చెప్పాను. "మంచాయనండీ" అన్నారు. కొడుకుని పిలిచి తివాచీ పరిపించాను. తన ముడులు చూసి ఆయన చెయ్యి ఆగిపోయింది. కంతలు చూసి తల వంచుకున్నారు. నా జ్వరం ఎంత పని చేసిందండీ అన్నారు.

"ఇప్పుడు మళ్ళీ చుట్టించండి" అన్నాను.

కొడుకు బాగున్న కొస నుంచి మెల్లిగా చుట్టుకొచ్చాడు. చుట్టేకొద్దీ చిన్న కంత మీద దానికన్న పెద్ద కంత, దాని మీద ఇంకా పెద్దది వచ్చి కూర్చున్నాయి. చివరికి అన్నీ కలిసి ఒకే గొయ్యి అయింది. పైన వెడల్పు, లోపలికి సన్నం. ముసలాయన చెయ్యి పట్టుకుని ఆ గోతిలో పెట్టాను. వేలు దిగిందాకా దిగి, ఆగింది. అడుగున ఊలు మెత్తగా, గట్టిగా తగిలినట్టుంది. వేలు అక్కడే ఉంచి నా ముఖంలోకి చూశారు.

"లోపల బాగానే ఉందండీ" అన్నారు.

"బాగానే ఉంది. తడి లోపలిదైతే లోపలే ముందు పుచ్చాలి కదండీ. నేల ఆనిన చోట మొదలై లోపలికి వెళ్ళింది. సగంలో ఆగిపోయింది" అన్నాను.

ఆయన కొడుకుని సైగ చేసి మళ్ళీ విప్పించారు. గోడ పట్టుకుని అరుగు దిగి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. వంగడం కష్టమైంది, కొడుకు పట్టుకోబోతే విదిలించుకున్నారు. బాగున్న చోట తివాచీ వీపుకి చెంప ఆన్చి కళ్ళు మూసుకున్నారు. అంచు వెంబడి కొంచెం కొంచెం జరుపుకుంటూ అవతలి అంచు దాకా వెళ్ళారు. అక్కడ ఆగారు. కొడుకు ముఖం అటు తిప్పుకున్నాడు.

"పొడిగానే పంపానండీ" అన్నారు, చెంప తియ్యకుండానే.

అవునండీ, అన్నాను. అంత చిన్న మాట చెప్పడానికి బూజు మేష్టారికి నోరు రాలేదు. చచ్చేదాకా రాలేదు.